మూడో సిలిండర్

నాలుగింటిలో ఒకటి పలకడం లేదు. అది తెలియడానికి స్కానర్ అక్కర్లేదు, నర్సమ్మ కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే చెవికి తెలిసిపోయింది, టక్ టక్ టక్, ఓ ఖాళీ, టక్ టక్ టక్, ఓ ఖాళీ, కుంటుకుంటూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది, ఆగాక కూడా వణుకు మానలేదు, అద్దం వెనక నర్సమ్మ మొహం దాంతోపాటే వణుకుతోంది, మామూలు రోజైతే నవ్వొచ్చేదే. మళ్ళీ వచ్చింది. బాగుచేసి పంపాను, వచ్చింది. మళ్ళీ చేసి పంపాను, ఇదిగో, పోయిందనుకున్న మర్నాడే పట్టుకునే జలుబులా మళ్ళీ వచ్చింది. నర్సమ్మ దిగీ దిగకుండానే నన్ను దాటి, నా భుజం మీదుగా లోపలికి చూసి, "పెద్దాయన ఉన్నారా అమ్మాయ్?" అంది. ఉన్నారు, ఎక్కడికి పోతారు, కానీ చూసేది నేనే అన్నాను. "నువ్వు రెండుసార్లు చూశావుగా" అంది. సూది గుచ్చడం ఆవిడ వృత్తి మరి, చెయ్యి తిరిగినావిడ, గుచ్చిన చోట రక్తం కూడా రాదు.

ఆవిడ కోపం న్యాయమే, కాదనను. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సూదులు వేసి, పుళ్ళు కడిగి, కట్లు మార్చే మనిషి, నిన్న వంతెన ఎక్కుతూ ఉండగా బండి చచ్చినట్టయిపోయి, వెనక లారీ వాడు హారన్ కొడుతూ ఉంటే పక్కకు తోయించుకుని, సంచీ భుజాన వేసుకుని ఎండలో నడిచి వెళ్ళిందట. ఆవిడ నన్ను తిట్టినా పడతాను. నా మంట ఆవిడ మీద కాదు, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాయన మీద. మా నాన్న. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి రెంటినీ చంకల్లో దాచుకుని, వీధీ బోనెట్టూ రెండూ కనబడేలా కుర్చీ వేయించుకుని పొద్దస్తమానం అక్కడే. పని చెయ్యడు, చూస్తాడు. ఏమీ అనడు, గొంతు సవరిస్తాడు. ఆ సవరింపుకు ఎన్ని అర్థాలో నాకు తెలుసు, పానా తప్పు తీసుకున్నానని ఒకటి, బోల్టు ఎక్కువ బిగిస్తున్నానని ఒకటి, ఆడపిల్ల అంత గట్టిగా మాట్లాడకూడదని ఇంకొకటి. పోయినసారి ఈ కారు తిరిగొచ్చిన రోజు మాత్రం గొంతు సవరించి ఊరుకోలేదు, అన్నం ముందు కూర్చుని, అమ్మ వడ్డిస్తూ ఉండగా, "ఇంకోసారి ఆ బండి తిరిగొస్తే షెడ్డు మీ అన్నయ్యకు అప్పజెబుతా, నువ్వు వాడికి సాయంగా ఉందువుగాని" అన్నాడు. సాయం! ఆయన చెయ్యి పనికిరాకుండా పోయిననాటి నుంచి ఈ షెడ్డు షట్టరు ఎత్తుతున్నదెవరు, దించుతున్నదెవరు, తలలో గ్రీజు పోక అమ్మ చేత తిట్లు తింటున్నదెవరు, నేను సాయమట. అన్నయ్యంటే పెదనాన్న కొడుకు, పెద్ద షోరూములో ఏసీ గదిలో పని, చొక్కా నలగని మెకానిక్కు, ఏది పాడైందో వెతకడు, ఉన్నదంతా మార్చేస్తాడు. పొద్దున నర్సమ్మ ఫోను రాగానే నాన్న అన్నయ్యకు ఫోను చేసేశాడు. సాయంత్రం వస్తాడట. నాకు మిగిలింది ఈ మధ్యాహ్నమే. ఈలోగా ఇది ఎందుకు తిరిగొచ్చిందో తేలకపోతే నా షెడ్డులో నేను పనిమనిషిని.

బోనెట్ ఎత్తాను. వేడి మొహాన కొట్టింది, కాలని పెట్రోలు వాసన, ఓ ఇంట్లో పొయ్యి అంటుకోకుండా గ్యాసు మాత్రం వస్తూ ఉంటే ఎలా ఉంటుందో అలా, లోపలికి పెట్రోలు పోతోంది గానీ అక్కడ నిప్పు పుట్టడం లేదు. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్‌కు నిప్పు పుట్టించే కాయిల్ కనెక్టర్ ఊడదీస్తూ పోవాలి, పలుకుతున్న సిలిండర్‌ది తీస్తే కుంటుడు ఎక్కువవుతుంది, పలకని దానిది తీస్తే ఏ తేడా ఉండదు, అంటే అదే దొంగ. స్కానర్ కొనుక్కున్నాను, దాని తెర మీద కూడా తేలుతుంది, అయినా నాకు ఇదే ఇష్టం, ఇది నాకెవరూ నేర్పలేదు, నాన్న అన్నయ్యకు నేర్పుతుంటే గోడకు ఆనుకుని విన్నాను. సెలవులకు వచ్చిన అన్నయ్యకు ఆయన చెయ్యి పట్టుకుని మరీ చూపించేవాడు, విన్రా, విన్రా అని, వాడు ఆవులించేవాడు, వాడికి వినపడేది కాదు, నాకు వినపడేది, "రెండోది నాన్నా" అని అరిచేదాన్ని, "నిన్నెవరడిగారు, లోపలికి పో" అనేవాడు. రెండోదే అయ్యేది. ఒకటి తీశాను, తేడా వచ్చింది. రెండు, తేడా వచ్చింది. నాలుగు, వచ్చింది. మూడు తీశాను, ఇంజన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. పోయిన వర్షాకాలం నాకు జ్వరమొచ్చి వారం పడుకుంటే వీధి పొడుగునా బండ్లు నిలిచిపోయాయి, నేను లేని తేడా అప్పుడు వినపడలేదా ఈ మనిషికి? గుమ్మం దగ్గర గొంతు సవరింపు. నాకు తెలుసు, మూడోదని నాకూ తెలిసింది, నీ గొంతు దాచుకో.

మూడోదే ఎందుకు. మొదటిసారీ మూడోదే, అప్పుడు కాయిల్ చచ్చిపోయింది, మార్చాను. తిరిగొస్తే చూశాను, ఆ కొత్త కాయిల్ కనెక్టర్ సగం ఊడి వేలాడుతోంది. నేను దాన్ని నొక్కాను. టక్కుమన్న చప్పుడు విన్నాను. విన్నానా? ఆ ప్రశ్న నన్ను ఎంత తినేసింది, బువ్వ తింటుంటే అదే, స్నానం చేస్తుంటే అదే, విన్నాననుకున్నానేమో, వేరే బండి చప్పుడేమో, మతిమరుపు వస్తోందేమో, అన్నయ్య అన్నట్టు ఆడవాళ్ళ చేతికి బిగి తక్కువేమో. వాడు ఆ మాటన్నప్పుడు వాడి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి చూపించాల్సింది. రెండోసారి అందుకే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ కొత్తవి వేశాను, కాయిళ్ళు నొక్కాను, వాటి బోల్టులు బిగించాను, బిగించి ప్రతి బోల్టు తల మీద నుంచి పక్కనున్న రేకు మీదికి ఎర్రటి గీత ఒకటి గీశాను. నా పెళ్ళికి ఎవరో ఇచ్చిన గోళ్ళరంగు, గోళ్ళకు ఎలాగూ గ్రీజే కదా, బోల్టులకు పనికొస్తోంది. బోల్టు ఒక్క వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది. మా ఆయన నవ్వాడు, బోల్టులకు సింగారమా అని. సింగారం కాదయ్యా మగడా, సాక్ష్యం.

ఇంజన్ ఆపి, పైన ప్లాస్టిక్ మూత తీసి, గుడ్డతో తుడిచి, వంగి చూశాను. ఒకటి, గీత కలిసే ఉంది. రెండు, కలిసే ఉంది. నాలుగు, ఉంది. మూడు, తెగింది. బోల్టు తల మీద ముక్క ఓ పక్కకు చూస్తోంది, రేకు మీది ముక్క ఇంకో పక్కకు, ఎడమొహం పెడమొహం. ఎవరో విప్పారు. విప్పి మళ్ళీ బిగించారు. నేను కాదు, నేనైతే నా గీతను నేనే తెంపుకోను కదా. లేచి నర్సమ్మను అడిగాను, ఇంకెవరికైనా చూపించారా, దారిలో ఎవరైనా బోనెట్ ఎత్తారా అని. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "నీ దగ్గర్నుంచి తిన్నగా ఇంటికి, ఇంటి నుంచి పేషెంట్ల దగ్గరికి. నా బండి మీద వేరే చెయ్యి పడలేదు. నీ తప్పు నా మీదికి తోస్తావేం?" అంది. తోయడం లేదండీ అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటున్నానని అనుకుంది, ఆవిడ కళ్ళలో ఆ మాట స్పష్టంగా కనిపిస్తోంది. వెనక్కి తిరిగి నాన్న వైపు చూసింది, ఏంటండీ ఇది అన్నట్టు. ఆయన వీధిలోకి చూస్తున్నాడు. వీధిలో ఏమీ లేదు, ఎండ తప్ప.

సరే, కోపాన్ని కాసేపు పక్కన పెట్టి పని చూడాలి, కోపంలో బోల్టు విప్పితే మర పోతుంది, ఇది మాత్రం ఆయన నేర్పిందే, ఆయన చెప్పినవన్నీ నిజాలే, అదే కదా నా కడుపుమంట, అబద్ధాలకోరైతే ఎప్పుడో వదిలేసేదాన్ని. మూడో కాయిల్ తీసి రెండో దానికి, రెండోది తీసి మూడోదానికి మార్చి బిగించాను. కాయిల్‌దే తప్పయితే కుంటుడు ఇప్పుడు రెండుకు మారాలి. ఈ బండిలో మూడోదాని దగ్గర మహా ఇరుకు, పైన పైపు అడ్డం, చెయ్యి తిప్పి, మణికట్టు విరిచి, వేళ్ళ కొసలతో పట్టుకోవాలి, నా చెయ్యి సన్నం గనక పడుతుంది, నాన్న చెయ్యి అప్పట్లోనే పట్టేది కాదు, తిట్టుకుంటూ తిట్టుకుంటూ చేసేవాడు. స్టార్ట్ చేశాను. టక్ టక్ టక్, ఖాళీ. కనెక్టర్లు తీసి చూశాను. ఇంకా మూడే. "కాయిల్ కాదు" అన్నాను, పైకే అన్నాను, నర్సమ్మ కోసం, చూస్తున్నానని, చూడకుండా మార్చడం లేదని తెలియాలని.

"ప్లగ్గు మీద టైము దండగ చెయ్యకు" అన్నాడు నాన్న కుర్చీలోంచి. బండి వచ్చాక నోరు విప్పడం అదే మొదలు. "మూడోదాని గ్యాప్ సరిగ్గానే ఉంది. ఇంజెక్టర్ చూడు."

అలాగే అన్నాను. అలవాటు, ఆయన అంటే అలాగే అనడం అలవాటు, అని, చెయ్యి చాచి, సగంలో ఆగిపోయాను. మూడోదాని గ్యాప్. ప్లగ్గు కొసన నిప్పు దూకే సందు అది, విప్పి బయటికి తీస్తే తప్ప కనబడదు. నేను ఆ ప్లగ్గులు వేసిన రోజు ఈయన షెడ్డులో లేడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, అమ్మ తీసుకెళ్ళింది, కళ్ళలో చుక్కల మందు వేశారని నల్ల కళ్ళజోడుతో చీకటిపడే వేళకు వచ్చాడు, నేను చేతులు కడుక్కుంటున్నాను, "నువ్వు ఇంట్లోకి పో, తాళం నేనేసి వస్తాలే" అన్నాడు. తాళం నేనేసి వస్తాలే. రోజూ అంటాడు. ఎన్నేళ్ళనుంచో అంటున్నాడు. నేనేమో మురిసిపోయాను, కూతురు అలిసిపోయిందని కదా, నోటితో చెప్పలేడు గనక తాళం వేసి చెబుతున్నాడని అమ్మతో కూడా అన్నాను, పిచ్చిదాన్ని. అమ్మ గిన్నెలు సర్దుకుంటూ లోపలికి పోయింది. ఆవిడకు తెలుసేమో. కంచే చేను మేస్తుంటే నేను ఊరంతా దొంగల కోసం వెతుకుతున్నాను, నర్సమ్మను అడిగాను, నన్ను నేను అనుమానించుకున్నాను, నా చెవులను, నా వేళ్ళను, నా మతిని అనుమానించాను.

ఇంజన్ ఆపేశాను. ప్లగ్గు పానా తీసుకున్నాను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ జోలికి వెళ్ళలేదు. మూడో ప్లగ్గు విప్పి బయటికి తీసి వెలుతురులోకి తిప్పాను. గ్యాప్ సరిగ్గానే ఉంది, ఆ మాట నిజమే. పైనున్న తెల్లటి పింగాణీ మీద మాత్రం వెంట్రుకంత నల్లటి గీత, పైనుంచి కిందికి, పగులు. నిప్పు కొసకు పోకుండా ఈ పగుల్లోంచి పక్కకు జారిపోతోంది, వంతెన ఎక్కేటప్పుడు, బరువు పడినప్పుడు మరీను. ప్లగ్గు ఇలా పగలడానికి ఒకటే కారణం. నేను చిన్నప్పుడు ఒకటి చేజారిస్తే నెత్తిన మొట్టి మరీ చెప్పాడు, కిందపడ్డ ప్లగ్గు చచ్చిన ప్లగ్గు, పైకి బాగానే ఉన్నా చెత్తబుట్టలో పారెయ్ అని. ఆ మొట్టికాయ ఇప్పటికీ గుర్తు.

వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. ప్లగ్గు ఆయన మొహం ముందు పెట్టాను. "మూడోదాని గ్యాప్ నీకెలా తెలుసు నాన్నా?"

కుర్చీలో వెనక్కి జరిగాడు.

"కింద పడిందా?"

"కొంచెం ఎత్తునుంచే" అన్నాడు.

కొంచెం ఎత్తునుంచేనట! నర్సమ్మ నోరు తెరిచింది. "పగులుందేమోనని చూశాను, కనబడలేదు" అన్నాడు. మందు వేయించుకుని వచ్చిన కళ్ళతోనా చూశావు అన్నాను. అనకూడని మాటే, పెద్దవాడు, చూపు తగ్గుతున్నందుకు లోలోపల ఏడుస్తున్న మనిషి, అయినా అన్నాను, అనకపోతే నా గుండె పగిలేది. ఆ కనెక్టర్ కూడా నువ్వే కదా అన్నాను. తల ఊపాడు. ఇరుకులో చెయ్యి పట్టలేదట, నొక్కాననుకున్నాడట. అనుకున్నాడట! అదే మాట నేనంటే షెడ్డు పోయేది, ఆయనంటే చేతి వణుకు. నీ చేత్తో నువ్వు పాడుచేసి, నా చేతకానితనమని అన్నం ముందు చెప్పి, అన్నయ్యను పిలిపించి, ఆ కుర్చీలో ఎలా కూర్చోగలిగావు నాన్నా?

"నా వల్లేనని అనుకోలేదమ్మాయ్" అన్నాడు. "ఒకసారి చూద్దామని తీశాను, అంతే."

"ఈ బండి ఒక్కటేనా?"

చంకల్లోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి వాటి మానాన అవి వణుకుతున్నాయి. నర్సమ్మ ఒక అడుగు ముందుకేసి, "చెప్పండి పెద్దాయనా, అడుగుతోందిగా" అంది.

"అన్నీ" అన్నాడు.

అన్నీ. నేను ముట్టుకున్న ప్రతి బండీ. నేను చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళాక, లైటు వేసి, నేను బిగించిన ప్రతి బోల్టూ మళ్ళీ పట్టి చూసి, బ్రేకులు చూసి, నూనె చూసి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్ది, తాళం వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళు. నా మొహం మండిపోతోంది, చెవులు మండిపోతున్నాయి, నోట్లో మాట ఒక్కటే ఉంది, అది అడగాలంటే భయం, ఏం చెబుతాడో అని భయం, అయినా అడిగాను. "ఎన్ని తప్పులు దొరికాయి?"

ఆయన నా వైపు చూశాడు. "ఒక్కటీ లేదు" అన్నాడు.

పొంగిపోవాలి కదా. అమ్మ అంటుంది, మీ నాన్న ఒకరిని మెచ్చుకుంటే ఆ రోజు వాన కురుస్తుందని, వాన కురిసినంత పని కదా ఇది, నేను ఏడ్చేసి ఆయన మోకాళ్ళు పట్టుకోవాలి కదా. లేదు, ఒళ్ళంతా రెండింతలు మండింది. ఒక్కటీ లేదని ఈయనకు తెలుసు. నాకు తెలియదు, ఈయనకు తెలుసు. నేను మంచం మీద ఇటూ అటూ పొర్లుతూ, చక్రం బోల్టు బిగించానా, నూనె మూత పెట్టానా అని ఒక్కొక్కటీ తలుచుకుని హడలి చస్తుంటే, మా ఆయన నిద్ర చెడగొడుతూ లేచి కూర్చుంటే, పక్క గదిలో ఈయన గురక. హాయిగా, లయ తప్పకుండా. నాన్నకేం, బాధ్యత లేదు, పడుకుంటాడు అనుకునేదాన్ని. బాధ్యత లేక కాదు. చూసి వచ్చాడు గనక. నా పనిలో వంక లేదని కళ్ళారా చూసి, ఆ ధీమాను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. నా నిద్ర ఆయన పోయాడు. ఒక్క మాట, పడుకోబోయే ముందు గుమ్మంలో నిలబడి, అంతా బాగానే ఉంది పడుకో అని ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయేది?

బండి దగ్గరికి వెళ్ళాను. కొత్త ప్లగ్గు తీసుకుని, డబ్బా విప్పి, చేత్తో మర పట్టించి, పానాతో బిగించి, కాయిళ్ళు ఎక్కడివక్కడ పెట్టి, కనెక్టర్ నొక్కాను. టక్కుమంది. విన్నాను. నేనే విన్నాను. నర్సమ్మను ఎక్కి స్టార్ట్ చెయ్యమన్నాను. ఇంజన్ ఒక్కసారి దగ్గి, అందుకుంది, నాలుగూ పలికాయి, ఒకదాని వెనక ఒకటి, ఖాళీ లేకుండా, మెత్తగా, బోనెట్ మీద చెయ్యి పెడితే తప్ప నడుస్తోందని తెలియనంతగా. నర్సమ్మ యాక్సిలరేటర్ నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది, మొహం విచ్చుకుంది, దిగి వచ్చి, ఇంత విన్నాక కూడా, చూసి చూసి, అలవాటు కొద్దీ, రెండు చేతులూ జోడించి కుర్చీ వైపు తిరిగింది. "బతికించారు పెద్దాయనా" అంది.

నేను కాదు, అమ్మాయే అని ఆయన అంటాడేమోనని చూశాను. తల వంచుకున్నాడు, దండం అందుకోబోయాడు కూడా, వణికే చేతులు సగం లేచాయి.

"ఇటండీ నర్సమ్మగారూ" అన్నాను. "ఆ దండం ఇటు పెట్టండి. బాగుచేసింది నేను."

ఆవిడ నాలుక కరుచుకుంది. నాన్న ఏదో గొణిగాడు. ఏంటి నాన్నా అన్నాను. "అమ్మాయే చేసిందండీ" అన్నాడు, చొక్కా గుండీకి చెబుతున్నట్టు.

"గట్టిగా చెప్పు. ఇంజన్ చప్పుడులో వినపడలేదు."

ఇంజన్ చప్పుడెక్కడుంది, పక్క ఇంట్లో చెంచా కింద పడితే వినపడేలా ఉంది. ఆయనకూ తెలుసు. నా మొహంలోకి చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు, ఇవాళ తిప్పుకునేది లేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు, గొంతు సవరించుకోలేదు, ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తొంగి చూసేంత గట్టిగా, "మా అమ్మాయే చేసింది! ఇన్నేళ్ళూ దాని వెనకాలే విప్పి చూశాను, ఒక్క తప్పు దొరికితే ఒట్టు! పాడుచేసింది నేను!" అని అరిచాడు. అరిచి, ఆయాసపడుతూ నన్నే చూస్తున్నాడు, చాలా అన్నట్టు.

చాలలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా చాలలేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి, అన్నయ్య నంబరు నొక్కి, ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను, ఆయన చెయ్యి ఆగదు గనక నేనే పట్టుకున్నాను. అవతల మోగుతోంది.

"ఇదే మాట వాడికి చెప్పు" అన్నాను. "ఇంతే గట్టిగా."